బావకు దీర్ఘం

పోయిన వారం స్టెఫీని కోర్టు మెట్ల మీద వదిలేశాం. చేతిలో హెల్మెట్టు, మొహంలో గెలుపు. ఆ గెలుపు ఎందుకో మరిచిపోయినవాళ్ల కోసం మళ్ళీ చెబుతాను. విశాఖపట్నం కోర్టుల్లో వాదించే ప్రతి లాయరూ తెలుగు పరీక్ష పాసవ్వాలని సీనియర్ వకీలు శుభాకర్ గారు బార్ అసోసియేషన్‌లో తీర్మానం పెట్టారు. స్టెఫీ లేచి ఆ తీర్మానాన్ని ఉతికి ఆరేసింది. "ఛందస్సు వచ్చినవాడే బెయిలు అడగాలా సార్? స్కూల్లో తెలుగు బదులు హిందీ తీసుకున్నవాళ్లం ఇక్కడ సగం మందిమి ఉన్నాం. మేమంతా నల్లకోట్లు మడిచి ఇంటికెళ్లిపోవాలా? మీరు పెట్టే పరీక్షలో ఉండేది పుస్తకాల తెలుగు. యారాడ మనిషి మాట్లాడేది అందులో ఉంటుందా?" అంది. కుర్రలాయర్లు బల్లలు చరిచారు. ఓటింగు సోమవారానికి వాయిదా పడింది.

నిజానికి ఆమె మాటల్లో తీసిపారేయడానికేమీ లేదు. శుభాకర్ గారు కూడా తీసిపారేయలేదు. మెట్ల దాకా ఆమె వెనకే వచ్చి, గొడుగు తెరుచుకుంటూ ఒక్క మాట అడిగారు. "మీ గోపి కేసులో నర్సమ్మ చెప్పిన ‘బావ’ ఉంది చూడమ్మా. దానికి దీర్ఘం ఉందా, లేదా?" స్టెఫీ నవ్వేసింది. అక్కడే కదా మనం ఆగాం.

ఆ నవ్వు ఇంటిదాకా రాలేదు. మధురవాడలో తన ఫ్లాటు తలుపు తీసేసరికే ఆ ప్రశ్న ఆమె బుర్రను తొలవడం మొదలుపెట్టింది.

కేసు సంగతి క్లుప్తంగా ఇది. యారాడ కుర్రాడు అబ్బులు ఓడల మరమ్మతు యార్డులో పనిచేసేవాడు. ఓడ పక్కన తాళ్లతో వేలాడదీసిన పలక మీద కూర్చుని రంగు వేస్తుంటే, పైన డెక్కు మీద ఎవరో తాడు వదిలేశారు. పలక తలకిందులైంది. కింద సిమెంటు గట్టు మీద పడ్డ అబ్బులు ఆసుపత్రిలో గంట తిరక్కుండానే పోయాడు. పోయేముందు అతనన్న మాట డ్యూటీలో ఉన్న నర్సు ప్రేమలీల విన్నది. కోర్టులో సాక్ష్యమూ చెప్పింది. ఆమె తెలుగులో చెప్పింది, జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేశారు, టైపిస్టు టైపు కొట్టాడు. ఆ ఇంగ్లీషుని మళ్ళీ తెలుగులోకి తెచ్చుకుంటే వచ్చే వాక్యం: బావ చూసి మరీ తాడు వదిలేశాడు.

అబ్బులు బావ అంటే అతని అక్క సీతాలు మొగుడు, గోపి. ఆ రోజు డెక్కు మీద తాడు పట్టుకుని ఉన్నది అతనేనని యార్డు సూపర్‌వైజర్ సాక్ష్యం చెప్పాడు. ముందురోజు సాయంత్రం పడవ అమ్మకం గురించి బావాబావమరుదులిద్దరూ ఒడ్డున కాలర్లు పట్టుకున్నారు కూడా. అంతకంటే పోలీసులకు ఇంకేం కావాలి? వాదనలు అయిపోయాయి. తీర్పు బుధవారం. హత్యేనని తేలితే గోపికి యావజ్జీవం తప్పదు. అతని తరఫు లాయరు స్టెఫీ.

ఆదివారం చర్చి అయ్యాక ప్రేమలీల ఇంటికి వెళ్లాలని స్టెఫీ నిశ్చయించుకుంది. సీతాలును కూడా రమ్మంది.

కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర, ప్రేమలీల ఉండే మేడ కింద స్కూటీ ఆపేసరికి సీతాలు వచ్చిన ఆటో అప్పటికే అక్కడుంది. ఆటో తోలుకొచ్చింది ఉదయ్‌కుమార్. యార్డులో గోపీ అబ్బులూ ఉన్న జట్టులోనే అతనూ పనిచేస్తాడు, ఇప్పటికీ అక్కడే. షిఫ్టు లేనప్పుడు వాళ్ల మామయ్య ఆటో తోలుతాడు. గోపి జైలుకెళ్లినప్పటి నుంచి సీతాలును వాయిదాలకి తీసుకెళ్లేదీ, జైలుకి తీసుకెళ్లేదీ అతనే. సీతాలూ సాక్షే కాబట్టి నర్సు సాక్ష్యం రోజున కోర్టు హాలు బయటే ఉండాల్సి వచ్చింది, అతను ఆటో దిగలేదు. అబ్బులు పడిన సమయానికి తాను టీకి వెళ్లాననీ, ఏమీ చూడలేదనీ, ఆసుపత్రికి కూడా ప్రాణం పోయాకే వెళ్లాననీ కోర్టులో చెప్పాడు. అలాంటి సాక్షితో ఇరుపక్షాలకీ పనిలేదు కాబట్టి అతన్ని ఎవరూ గుచ్చి అడగలేదు.

"మీరెల్లండి మేడమ్. ఆడోళ్ల మాటల్లో నానెందుకు? కిందే ఉంతాను," అన్నాడు ఉదయ్.

మెట్లెక్కుతుంటే సీతాలు ఒక్కసారి ఆగింది. పొడుగ్గా, ఎండకు నల్లబడిన మనిషి. ఏడవాల్సిందంతా ముందే ఏడ్చేసినట్టు మొహం పొడిబారి ఉంది.

"మేడమ్, ముందే సెప్తన్నాను. మా ఆయన సేసుంటే ఆణ్ని జైల్లోనే కుళ్లిపోనీ. సెయ్యకపోతే నాకు ఇచ్చీండి. ఏదో ఒకటి నాకు తెలవాల. రేత్రి పడుకుంటే ఒకపక్క తమ్ముడు, ఒకపక్క మొగుడు. ఎవుడి కోసం ఏడవాలో తెలక సచ్చిపోతన్నాను."

స్టెఫీ తలూపింది. పైకెళ్లి తలుపు తట్టింది.

ప్రేమలీల తలుపు తీసి, లాయరమ్మను చూసి, లోపలికి రమ్మని అనలేదు. ఇంకా చర్చికి కట్టుకెళ్లిన తెల్లచీరలోనే ఉంది. కాకినాడ వైపు మనిషి. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

"కోర్టులో అడగాల్సింది ఇంటికొచ్చి అడుగుతున్నావా అమ్మా?"

"ఆంటీ, ఒక్క ఫైవ్ మినిట్స్. మీరు చెప్పిందే. అతను ఎలా అన్నాడో అలాగే, అదే టోన్‌లో ఒక్కసారి చెప్పండి చాలు."

"నన్ను నాటకం వెయ్యమంటావా ఏంటి?"

అప్పుడు సీతాలు ముందుకొచ్చింది. "నానడుగుతన్నానమ్మా. ఆడు నా తమ్ముడు. ఎత్తుకుని పెంచినాను. ఆడి ఆకరి మాట నాను ఇన్నేదు. నువ్వు ఇన్నావు."

ప్రేమలీల పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. చిన్న ముందుగది. కిటికీ చువ్వల మీద రోజూ తుడిచినా రోజూ పేరుకునే నల్లటి దుమ్ము. కింద రోడ్డు మీద స్టీలు కడ్డీల లారీలు ఒకదాని వెనక ఒకటి. ఆమె కుర్చీలో కూర్చుంది. తర్వాత కళ్లు మూసుకుని, తలను దిండు మీద పెట్టినట్టుగా ఎడమవైపుకి వాల్చింది.

"బావా..." అంది. ఊపిరి తీసుకుంది. "తాడొగ్గీసినాడు. సూసినావు గదా."

సీతాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోదావరి మనిషి నోట్లోంచి తన తమ్ముడి గొంతు అచ్చంగా వచ్చింది. ఏడుపు అయిపోయిందనుకున్న మనిషి ఏడ్చింది. గట్టిగా, సిగ్గులేకుండా ఏడ్చింది. ఏడుస్తూనే తల పైకెత్తింది.

"పిల్సినాడు," అంది. "మేడమ్, ఆడు బావ ఒగ్గీసినాడని అన్నేదు. ఎవుడో బావని పిల్సి సెప్పినాడు. ఇన్నావా?"

స్టెఫీ విన్నది. ఈసారి విన్నది. బావ తాడు వదిలాడని కాదు. ఓ బావా, వాడు తాడు వదిలేశాడు, నువ్వు చూశావు కదా అని. ‘చూసి మరీ’ అన్నది ఎక్కడా లేదు; ‘సూసినావు గదా’ అన్నదే డిక్టేషన్‌లో అలా మారిపోయింది. ఆ రెండు మాటలు పట్టుకునే కదా ప్రభుత్వ వకీలు గంటసేపు వాదించాడు! ముద్దాయి కావాలనే, బావమరిది కళ్లలోకి చూస్తూనే తాడు వదిలాడని బల్లగుద్ది చెప్పాడు. ఇంగ్లీషులో ‘బావ’ అని రాసినా ‘బావా’ అని రాసినా అవే అక్షరాలు. దీర్ఘం అక్కడెక్కడో గాలిలో కలిసిపోయింది.

"ఆంటీ, కోర్టులో కూడా మీరు ఇలాగే చెప్పారా?"

"ఇలాగే చెప్పాను. దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పాను. జడ్జిగారిది అనంతపురం వైపంట కదా, ఒగ్గీయడమంటే ఏందమ్మా అన్నారు. వదిలెయ్యడం సార్ అని ఎవరో అన్నారు. ఇక అందరూ ఆ మాట మీదే పడ్డారు. ఒకాయన నవ్వాడు. నువ్వూ నవ్వుకుంటూ ఏదో రాసుకున్నావు." ప్రేమలీల గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "తర్వాత నువ్వు లేచి నన్నేం అడిగావో గుర్తుందా? ఆ మాట మీకు స్పష్టంగా వినపడిందా అన్నావు. వినపడిందన్నాను. అతను స్పృహలోనే ఉన్నాడా అన్నావు. ఉన్నాడన్నాను. థాంక్యూ అని కూర్చున్నావు. ఇదేంటి, ఈ పిల్ల ఎవరి తరఫు లాయరు అనుకున్నాను."

స్టెఫీకి సిగ్గేసింది. ఆ సిగ్గు చెవుల దాకా పాకింది. ఒగ్గీయడం అనే కొత్త మాట తెలిసిందన్న సంబరంలో, తెలిసిన మాటను ఆమె వినలేదు. బావ అనే మాట తెలియని తెలుగుపిల్ల ఉంటుందా? తెలుసు కాబట్టే చెవి అక్కడ నిలవలేదు.

శుభాకర్ గారు ఆ రోజు వేరే కేసు మీద వెనక బెంచీలో కూర్చుని ఉన్నారని ఇప్పుడు గుర్తొచ్చింది. ఆయన విన్నారు. విని, ఇన్నాళ్లూ ఊరుకున్నారు. ముసలాయన మీద కోపం పొంగింది స్టెఫీకి. పరీక్ష పెట్టాలని తీర్మానాలు రాసే మనిషి, ఆ రోజే లేచి ఒక్క మాట అనొచ్చు కదా? అనలేదు. తన కేసు కాదు మరి. తెలుగు వచ్చినవాడు నోరు మూసుకున్నాడు, తెలుగు రానిది నవ్వుకుంది. మధ్యలో గోపి జైల్లో ఉన్నాడు.

"ఇప్పుడేటి సేత్తావు?" అంది సీతాలు, మొహం తుడుచుకుంటూ.

"రేపు పొద్దున్నే పిటిషన్ వేస్తాను. సిస్టర్ గారిని మళ్ళీ బోనులోకి పిలవమని అడుగుతాను. తీర్పు ఆపించాలి." స్టెఫీ ఆగింది. మిగతాది కూడా చెప్పేయాలనిపించింది. "ముందే ఎందుకు అడగలేదంటారు. నాకు అర్థం కాలేదని రాయాలి."

"ఎవులికి అర్దం కానేదు?"

"నాకే. సాక్షి మాట్లాడిన తెలుగు నాకు సరిగ్గా అర్థం కాలేదు, అందుకే క్రాస్‌లో అడగలేదు అని. సంతకం పెట్టి ఇవ్వాలి."

ఆ కాగితం మధ్యాహ్నానికి బార్ రూములో అందరి చేతుల్లోనూ ఉంటుంది. సాయంత్రం ఓటింగులో శుభాకర్ గారు నోరు విప్పక్కర్లేదు. బల్లలు చరిచిన కుర్రలాయర్లే ఆమెను చూసి మొహం తిప్పుకుంటారు. అదంతా స్టెఫీకి కళ్లకు కట్టింది. అయినా రాస్తానని మనసులో గట్టిగా అనుకుంది. ఈ నవల మొదలైనప్పటి నుంచి ఆమెను వేళాకోళం చేస్తూ వచ్చినవాణ్ని. ఈ ఒక్క పూటకి ఆ పని మానుకుంటాను.

సీతాలు ఆమెనే చూసింది. "నాకు ఇంగిలీసు రాదని ఇన్నాళ్లూ నీ ముందల నాను సిగ్గుపడ్డాను మేడమ్," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే స్టెఫీకి ఇంకా గుచ్చుకుంది.

"సరే, మరి పిలిచింది ఎవర్ని?" స్టెఫీ ప్రేమలీల వైపు తిరిగింది. "ఆ టైంలో బెడ్ దగ్గర ఎవరున్నారు?"

"ఒకబ్బాయి ఉన్నాడు, తల దగ్గర. అంబులెన్సులో కూడా వచ్చింది అతనే. నీలం రంగు పని బట్టలు, వాటి నిండా రంగు మరకలు. మీ తమ్ముడి చెయ్యి పట్టుకుని వదల్లేదు. డాక్టరుగారు వచ్చి బయటికి వెళ్లమన్నారు. వెళ్లాడు, మళ్ళీ కనపడలేదు. పేరు నేనడగలేదమ్మా. కోర్టులో నన్నూ ఎవరూ అడగలేదు."

"మా ఆయన కాదు గదా?"

"కాదమ్మా. మీ ఆయన్ని బోనులో చూశాను కదా. ఆయన కాదు."

"గోపి ఆ టైంకి యార్డులోనే పోలీసుల దగ్గర ఉన్నాడు," అంది స్టెఫీ. ఆమె గొంతులో తొందర వచ్చేసింది. "అబ్బులు ఇంకెవరిని బావ అంటాడు సీతాలూ?"

"ఎవుల్ని అనడు? మా మగోళ్లకి అందరూ బావలే. ఐసు బండోణ్ని కూడా బావా అనే పిలుత్తాడు. మా ఆయన్నీ అలగే అంతాడు."

స్టెఫీ లేచి గదిలో అటూ ఇటూ నడిచింది. ఆ రోజు డెక్కు మీద ఉన్నది గోపి, సూపర్‌వైజర్ భీమశంకరరావు, ఇద్దరే అని పోలీసులు చెప్పారు. తాడు గోపి చేతిలోనే చూశానని చెప్పింది కూడా ఆ భీమశంకరరావే. వదిలింది ఆయనే ఎందుకు కాకూడదు? ఇప్పుడు మూడో మనిషి ఉన్నాడని తేలింది. చూసినవాడు. చనిపోతూ అబ్బులు సాక్ష్యం అప్పగించిన మనిషి. అతన్ని పట్టుకుంటే గోపి బయటికొస్తాడు. ఇంతకాలం తర్వాత మొదటిసారి ఆమెకు ఈ కేసు గెలుస్తుందనిపించింది. సీతాలుకూ అనిపించినట్టుంది. పమిట సర్దుకుని, జుట్టు ముడివేసుకుని కూర్చుంది. మొగుడు బుధవారం ఇంటికొస్తే ఏం వండాలో లెక్కవేసుకునే ఆడదాని మొహం అది.

ప్రేమలీల మనసు కూడా మెత్తబడింది. "కూర్చోండి, టీ పెడతాను. కింద ఆటో అబ్బాయి ఎండలో మాడిపోతున్నాడేమో, అతన్నీ పిలుస్తానుండండి," అంటూ స్టవ్వు మీద నీళ్లు పెట్టి బాల్కనీలోకి వెళ్లింది. ఆరేసిన బట్టల్ని పక్కకి జరిపి కిందికి వంగింది.

పిలవలేదు.

వంగిన మనిషి అలాగే ఉండిపోయింది. స్టెఫీ వెళ్లి పక్కన నిలబడింది. కింద ఉదయ్‌కుమార్ ఆటోకి ఆనుకుని, చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

"అతనేనమ్మా," అంది ప్రేమలీల, గొంతు తగ్గించి. "చెయ్యి పట్టుకున్నది అతనే."

సీతాలు ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో వాళ్లు గమనించలేదు. ఇద్దరినీ తోసుకుని రెయిలింగు పట్టుకుంది.

"ఉదయ్!" అని అరిచింది. రోడ్డు మీద పోయేవాళ్లు తలలెత్తి చూశారు. "మా తమ్ముడు ఆసుపత్రిలో బావా అన్నాది నిన్నేనేటి?"

ఉదయ్ ప్రేమలీలను చూశాడు. ఆమె నర్సు బట్టల్లో లేకపోయినా గుర్తుపట్టాడు. పారిపోతాడేమోనని స్టెఫీ అప్పటికే మెట్ల వైపు పరుగెత్తబోయింది. అతను పారిపోలేదు. ఆటో తాళం తీసి జేబులో వేసుకుని మెట్లెక్కాడు. గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"టీకెల్లినానన్నావు గదరా," అంది సీతాలు. "ఆసుపత్రికి ఆడు పోయాకే ఎల్లినానన్నావు. నన్ను ఆటోలో ఎక్కించుకుని జైలుకి తిప్పినావు. ఏటిదంతా?"

"ఎల్లనేదు అప్పా. డెక్కు మీదే ఉన్నాను, పొగ సిమినీ ఎనకాల." సీతాలును అక్కలా ‘అప్పా’ అని పిలిచే ఉదయ్ నేల చూపులు చూస్తున్నాడు. "సూసినాను."

"మరి సెప్పవేటి? ఆ బీమశంకరం నీ ఉద్యోగం తీసేత్తాడనా? ఆడే గదా ఒగ్గీసినాడు?"

స్టెఫీ పెన్నూ కాగితమూ తీసింది. ఆ ఒక్క మాట కోసమే. అవునంటే చాలు.

ఉదయ్ తల అడ్డంగా ఊపాడు. "ఆయన అటేపు ఫోన్లో ఉన్నాడు. తాడు గోపి బావ సేతిలోనే ఉండీది." పెదాలు తడుపుకున్నాడు. "ఎలగ సెప్పమన్నావప్పా? నీకు తమ్ముడు పోనాడు. నాను నోరిప్పితే మొగుడు కూడా పోతాడు. అబ్బులు సూసినావు గదా అన్నాడు. ఆ మాట నన్ను తినేత్తంది. కానీ నీ మొకం సూసి టీకెల్లినానని సెప్పీసినాను. పలక ఊగింది. తాడు సేతిలోంచి జారి... గోపి బావ ఒగ్గీసినాడు అప్పా."

వంటింట్లో స్టవ్వు మీద నీళ్లు మరుగుతున్నాయి, ప్రేమలీల వెళ్లి ఆపలేదు. స్టెఫీకి ఒక్కటే తెలుస్తోంది. ఈ మనిషిని బోనెక్కిస్తే గోపి పని అయిపోతుంది. ఎక్కించకపోతే, ఉన్న తప్పుడు వాక్యమే అతన్ని ముంచేస్తుంది. ఈ మాట విననట్టుగా కిందికి దిగిపోవచ్చా అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు అసహ్యమూ వేసింది. చేతిలో పెన్ను ఉంది, ముందు తెల్లకాగితం ఉంది. దాని మీద ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టబోయి ఆగిపోయింది.

సీతాలు ఆ పెన్ను వైపు చూసింది. కళ్లలో నీళ్లు లేవు. చెయ్యి చాచి ఉదయ్ గెడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"జారిపోనాది అనబోయి ఒగ్గీసినాడు అన్నావు. రెండూ ఒకటి గాదు," అంది. "నెమ్మదిగా సెప్పు ఉదయ్. జారిపోనాదా, ఒగ్గీసినాడా? మేడమ్ రాసుకోవాల."